పద్నాలుగు మంది నొక్కిన బొమ్మ

కోటిరత్నానికి గేదె సంగతి అర్థం కాలేదు.

ఆమె రాసినవాటన్నిటిలోకీ గేదె మీద రాసిందే మంచిది. ఆ సంగతి ఆమెకు తెలుసు. మొగుడు గురవయ్య పోయిన పన్నెండో రోజున పాలివ్వడం మానేసిన గేదె అది. తాడు విప్పితే చాలు, పొలం గట్టు మీద ఆయన చుట్ట కాల్చుకుంటూ కూర్చునే చోటికి వెళ్ళి నిలబడేది. నాలుగు రోజులు కూర్చుని రాసింది. రాస్తూ రెండుసార్లు ఏడ్చింది. దాని పక్కన వేసిన ప్రకటనలకు వచ్చిన డబ్బు మూడు రూపాయలు.

బోరు మోటారు మీద రాసింది మాత్రం అన్నం ఉడికేలోగా రాసి పారేసింది. మోటారు కాలిపోయే ముందు ఎట్లా మూలుగుతుందో, స్టార్టర్ పెట్టె మీద చెయ్యి పెడితే ఎంత వేడికి ఆపెయ్యాలో, సత్తెనపల్లిలో వైండింగ్ చేసేవాణ్ణి ఏమేం అడగాలో రాసింది. ఏడవలేదు సరికదా, మధ్యలో లేచి వెళ్ళి పప్పు తిరగమోత కూడా పెట్టుకుంది. ఆరు వారాల్లో దానికి మూడు వేల పైచిలుకు వచ్చింది.

"లెక్క తిరగేసి చెప్పావేమో చూడవే," అంది భవ్యతో.

భవ్య పక్కింటి పిల్ల. సత్తెనపల్లిలో డిగ్రీ చదువుతోంది. కరోనా రోజుల్లో బడి లేక ఇంట్లో కూర్చుని, తోచక, యాభై మూడేళ్ళ కోటిరత్నం చేత పలక మీద అక్షరాలు దిద్దించింది ఆ పిల్లే. రెండేళ్ళకు ఆమె నోటుబుక్కులు నింపడం చూసి, ఇంటర్నెట్లో 'రత్నమ్మ రాతలు' అని ఒక పేజీ పెట్టింది. ఆ తర్వాత ప్రకటనల కంపెనీకి దరఖాస్తు పెట్టింది. రాతల మధ్యలో వాళ్ళు బొమ్మలు వేస్తారు. చదివేవాళ్ళు ఆ బొమ్మను నొక్కితే కోటిరత్నానికి డబ్బు జమవుతుంది. డబ్బు డాలర్లలో పోగవుతుంది. వంద డాలర్లయితే గాని బ్యాంకులో వెయ్యరు.

"తిరగెయ్యలేదు పెద్దమ్మా. మోటారు కాలినోడు ఫోన్లో వెతుక్కుంటూ వస్తాడు. పక్కన మోటార్ల ప్రకటన కనపడితే నొక్కుతాడు. మోటార్ల కంపెనీ ఆ నొక్కుడికి ఎక్కువిస్తుంది. గేదె కథకి వచ్చినోడు ఏడ్చి పోతాడు. ఏడ్చేవాడికి ఏం అమ్ముతారు?"

"చేతిరుమాళ్ళు అమ్మకూడదా?"

భవ్య నవ్వి, ఫోను ఆమె చేతికిచ్చింది. పోగైన డబ్బు డెబ్బై ఒక్క డాలర్లని ఉంది.

కోటిరత్నానికి ఆ వంద డాలర్లు ఎందుకు కావాలో భవ్యకు తెలుసు. ఏటా మాఘమాసం దాటాక కోటిరత్నం కోల్డ్ స్టోరేజీల్లో ఎండుమిరపకాయలకు తొడిమలు తీసే పనికి వెళ్తుంది. పింఛను డబ్బులు ఉప్పూ పప్పూ మందులకు సరిపోతాయి. ఏడాదిలో మిగతా ఖర్చులన్నీ ఆ రెండు నెలల కూలితోనే గడుపుకుంటుంది. అయితే పోయినేడు ఆ ఘాటుకు ఊపిరాడక రెండుసార్లు పడిపోయింది. సత్తెనపల్లి డాక్టరు ఛాతీ ఫోటో చూసి, మళ్ళీ మిరపకాయల దగ్గర కూర్చుంటే నా దగ్గరకు రావద్దన్నాడు. వంద డాలర్లంటే దాదాపు ఆ రెండు నెలల కూలి. కూలీల్ని బండిలో తీసుకెళ్ళే మేస్త్రి జక్రయ్య, వచ్చే సోమవారానికి ముందే వస్తావా రావా చెప్పమని కబురు పెట్టి ఉన్నాడు.

అంచేత నెల రోజులుగా డబ్బు ఎట్లా పెరుగుతుందో తెలుసుకోవడానికే కోటిరత్నం బుర్ర పెడుతోంది. పెట్టినకొద్దీ అయోమయం పెరిగింది. పైన వేసిన బొమ్మను జనం చూడకుండా జరిపేసుకుపోతారట. రెండో పేరా కింద వేస్తే చూస్తారట. నాలుగు బొమ్మలు వేస్తే నాలుగింతలు రావాలి కదా అంటే, రావట, అసలు మనిషే పారిపోతాడట. ఒకే బొమ్మను ఒకే రకంగా నొక్కినా ఇవాళ ఎనిమిది రూపాయలట, రేపు అరవై పైసలట. మిర్చి యార్డులో ధర ఎందుకు పడిందంటే కనీసం తిట్టుకోవడానికి ఒక దళారీ ఉంటాడు. ఇక్కడ ఎవరిని తిట్టాలో తెలియదు.

పైగా బొమ్మ అందరికీ ఒకటే కాదు. అది తెలిసిన రోజు పెద్ద గొడవే అయింది.

ఆమె ఎకరం పొలంలో మరిది అంకమ్మరావు పత్తి వేస్తాడు. పెళ్ళాం పోయి ఆరేళ్ళయింది. ఒకరోజు పొద్దున్నే ఫోను చేత్తో పట్టుకుని గుమ్మంలోకొచ్చాడు.

"వదినా, నీకు సిగ్గుందా? నీ రాతలు చదువుదామని తెరిస్తే నాకు పెళ్ళికూతుళ్ళని చూపిస్తున్నావు."

"నేనా? నేను మోటారు గురించి రాశానయ్యా."

"మోటారు కిందే ఉంది చూడు. రెండో పెళ్ళివారికి మంచి సంబంధాలంట. ఊళ్ళో నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?"

కోటిరత్నం తన ఫోను తెరిచి చూసింది. అదే చోట పైపుల బొమ్మ ఉంది. ఎదురింటి జానీబీని పిలిచి ఆమె ఫోను చూస్తే చెవిటి మిషన్ల బొమ్మ. ముగ్గురూ మూడు ఫోన్లు పక్కపక్కన పెట్టి తలలు వంచి చూశారు. కాలేజీకి బయల్దేరిన భవ్య ఆగి, వాళ్ళ భుజాల మీంచి తొంగిచూసింది.

"ఎవరి ఫోన్లో వాళ్ళు ఏం వెతికితే వాళ్ళకి అదే వస్తుంది బాబాయ్," అంది.

అంకమ్మరావు ఫోను జేబులో పెట్టుకుని, పత్తికి పురుగు తగిలింది చూడాలంటూ వెళ్ళిపోయాడు. మర్నాటినుంచీ ఊళ్ళో ఎవరూ అతన్ని పత్తి గురించి అడగలేదు, సంబంధాల గురించే అడిగారు.

భవ్య చెప్పిన వాటిలో ఒక్కటి మాత్రం కోటిరత్నానికి బాగా అర్థమైంది. తన బొమ్మను తాను నొక్కకూడదు. నొక్కితే కంపెనీవాళ్ళకి తెలిసిపోతుంది. అది న్యాయంగానే ఉంది. ఎవరి కాయల్ని వాళ్ళే వేలం పాడి కొనుక్కుంటే యార్డులో ఊరుకుంటారా? అందుకని తన పేజీ తెరిచినప్పుడు పొరపాటున తగులుతుందేమోనని కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుని ఎడం చేతి వేలితో జరుపుకునేది.

మిగతావాళ్ళు నొక్కితే ఏమవుతుందో ఆమె అడగలేదు. భవ్యా చెప్పలేదు.

బుధవారం మధ్యాహ్నం కోటిరత్నం, మిరప కోతలో ఉన్న వెంకాయమ్మకు మజ్జిగ తీసుకుని ఆమె చేనికి వెళ్ళింది. కాయల మధ్యకు పోకుండా గాలికి ఎదురుగా గట్టు మీదే కూర్చుంది. ముఠా ఆడవాళ్ళంతా అన్నాలు తింటున్నారు. పద్నాలుగు ఇళ్ళ ముఠా అది. చిన్న రైతులు, కూలికి మనుషుల్ని పెట్టుకోలేనివాళ్ళు. ఇవాళ అందరూ వెంకాయమ్మ చేలో మిరపకాయలు కోస్తే, రేపు వెంకాయమ్మ వాళ్ళ చేలల్లో కోస్తుంది. కూలి ఇవ్వడాలూ పుచ్చుకోవడాలూ ఉండవు. బదులుకు వెళ్ళడం అంటారు దాన్ని. కోటిరత్నం ఎకరంలో పత్తి తీయడానికి వాళ్ళు వచ్చేవాళ్ళు, వాళ్ళ మిరప కోతకు ఆమె వెళ్ళేది. డాక్టరు చెప్పినప్పటి నుంచీ మానుకుంది.

"జక్రయ్యకి ఏం చెప్పావే?" అంది వెంకాయమ్మ ముద్ద నములుతూ. ముఠాకి ఆమే పెద్ద. ఆమె మెల్లగా మాట్లాడితే పక్క చేలో వినిపిస్తుంది, గట్టిగా మాట్లాడితే పక్క ఊళ్ళో.

"ఏం చెప్పలేదక్కా. ఇంకా ఇరవై తొమ్మిది డాలర్లు తక్కువుంది. ఎవరో ఒకరు ఆ బొమ్మలు నొక్కాలి."

"నొక్కితే?"

"నాకు డబ్బులు పడతాయి."

"నొక్కినోళ్ళకి ఏవన్నా ఖర్చవుద్దా?"

"ఏం కాదంట."

వెంకాయమ్మ చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, చుట్టూ చూసింది. "ఏమే, అందరి దగ్గరా ఫోన్లున్నయ్ గదా? లేనోళ్ళు మీ మొగుళ్ళవి తెచ్చుకోండి. ఇంతకాలం ఇది మన చేలల్లో నడుము విరగ్గొట్టుకుంది. ఇప్పుడు దీని చేను ఆ ఫోన్లో ఉంది. రేపట్నించీ మూడ్రోజులు దీనికి బదులు."

కోటిరత్నం వద్దనలేదు. వద్దనాలని కూడా తోచలేదు. మజ్జిగ చెంబు అందుకుని వెంకాయమ్మకు ఇంకాస్త పోసింది.

గురు, శుక్ర, శనివారాలు పొద్దున కోతకు దిగేముందు, అన్నాలప్పుడు, సాయంత్రం బయల్దేరేముందు, పద్నాలుగు మందీ వరసగా నిలబడి నొక్కారు. జానీబీ చెవిటి మిషన్ నొక్కింది. వెంకాయమ్మకు ప్రతిసారీ ట్రాక్టరు టైర్లు వచ్చేవి. ఒకామెకు చీరలొస్తే మిగతావాళ్ళంతా మూగి చూశారు. శనివారం పొద్దుగూకేసరికి కోటిరత్నం ఫోన్లో అంకె తొంభై ఏడు చూపించింది. మళ్ళీ చూసింది. తొంభై ఏడే. భవ్య పరీక్షల్లో పడి ఆ నాలుగు రోజులూ ఇటు రాలేదు. కోటిరత్నం చెప్పులేసుకుని మేస్త్రి ఇంటికెళ్ళింది.

"జక్రయ్యా, ఈ ఏడు నేను రావట్లేదు. నా చోటు ఎవరికన్నా ఇచ్చెయ్యి."

"సంతోషం రత్నమ్మా. నీ దగ్గు వింటే నాకే భయమేసేది. అయినా సోమవారం కాక ఆ పై సోమవారం దాకా బండి కదలదులే. అప్పటిదాకా ఎవరికీ ఇవ్వను."

ఆదివారం పొద్దున భవ్య వచ్చింది. నవ్వుతూ ఫోను తీసుకుని, నవ్వు ఆపేసి, ఒక ఉత్తరం తెరిచి చదివింది. ఇంగ్లీషులో ఉంది. రెండుసార్లు చదివింది.

"పెద్దమ్మా, ఎవరితోనైనా నొక్కించావా?"

"నేను నొక్కించలేదే. వాళ్ళే నొక్కారు. ముఠా వాళ్ళు. బదులుకొచ్చారు."

భవ్య మంచం మీద కూలబడింది. "ఖాతా ఆపేశారు. దొంగ నొక్కుళ్ళంట. ఒకే ఊరు, ఒకే వేళకి, అవే ఫోన్లు. నొక్కిన రెండు సెకన్లకే వెనక్కొచ్చేస్తున్నారని రాశారు."

"దొంగలెవరే? వెంకాయమ్మా?"

"అట్టా కాదు. టైర్ల కంపెనీ ఒక్కో నొక్కుడికి డబ్బు కడుతుంది. నిజంగా టైరు కావాల్సినోడు వస్తాడని కడుతుంది. వెంకాయమ్మ పెద్దమ్మకి టైరెందుకు?"

కోటిరత్నం ఆ మాట దగ్గరే ఆగిపోయింది. ఇన్నాళ్ళూ ఆ డబ్బు ఫోనులోంచి వస్తుందనుకుంది, బావిలోంచి నీళ్ళొచ్చినట్టు. దాని వెనక ఎక్కడో టైర్లు పేర్చుకుని కూర్చుని, ఎవడో ఒకడు కొనడానికి వస్తాడని గుమ్మంకేసి చూసే మనిషి ఒకడున్నాడని ఆమెకు తట్టలేదు. అతని కొట్లోకి పద్నాలుగు మంది ఆడవాళ్ళు రోజుకు మూడుసార్లు చొరబడి, వెంటనే బయటికొచ్చేశారు. కానీ వాళ్ళు చెడుపు చేయాలనుకోలేదే. చెయ్యలేదు, చేశారు. రెండూ నిజమే ఎట్లా అవుతాయో ఆమెకు తెగలేదు.

"అయితే ఆ డెబ్బై ఒకటీ?"

"అదీ ఆగిపోయినట్టే. అప్పీలు పెట్టుకోవచ్చు. నేను ఇంగ్లీషులో రాస్తాలే, పొరపాటు జరిగింది క్షమించండి అని."

"పొరపాటు ఏంటో చెప్పకుండా క్షమించమంటే ఎవరు క్షమిస్తారు? నేను రాస్తా. నువ్వు దాన్ని ఇంగ్లీషు చెయ్యి."

మధ్యాహ్నం దాకా రాసింది. రెండు కాగితాలు చింపేసింది. చివరికి మిగిలింది ఇది.

'అయ్యా, మా ఊళ్ళో ఒకరి చేలో పనుంటే అందరం వెళ్తాం. కూలి అడగం. తర్వాత వాళ్ళు మన చేలోకి వస్తారు. నాకు జబ్బు చేసి చేలోకి వెళ్ళలేక ఈ రాతలు రాసుకుంటున్నాను. అందుకని మా వాళ్ళు ఇక్కడికి వచ్చారు. నొక్కడమే పని అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను. దాని వెనక డబ్బు కట్టే మనిషి ఉన్నాడని మాకు తెలియదు. ఆ మూడు రోజుల డబ్బు ఆయనకు ఇచ్చెయ్యండి. అంతకు ముందుది నేను రాసినదానికి వచ్చింది. అది ఉంచండి.'

భవ్య చదివి, ఏమీ మార్చకుండా ఇంగ్లీషు చేసి పంపింది.

వారం గడిచింది. జవాబు లేదు. ఆ వారంలో కోటిరత్నాన్ని ఇంకో సంగతి పట్టుకుంది. డబ్బు వచ్చినా రాకపోయినా వాళ్ళు బదులుకు వచ్చారు. మూడు రోజులు వచ్చారు. తన చేలో పంట చేతికి రాలేదని బదులు ఎగ్గొడతారా? వడగళ్ళు పడి చేను పోయిన ఏడు కూడా ఎవరూ ఎగ్గొట్టలేదు. పద్నాలుగు చేలల్లో మూడేసి రోజులు. వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టి, వేళ్ళు చాలక ఆపేసింది.

ఆదివారం పొద్దున ముక్కుకూ నోటికీ తడిగుడ్డ కట్టుకుని వెంకాయమ్మ చేలోకి దిగింది.

"ఎవరే అది, దొంగల్లే గుడ్డ కట్టుకుంది?" అంది వెంకాయమ్మ సాళ్ళ మధ్యలోంచి లేచి.

"నేనక్కా. బదులు తీర్చడానికొచ్చా."

"దేనికి?"

"మీరు నొక్కారుగా."

"నొక్కి నీ కొంప ముంచాంగా. ఆ పిల్ల చెప్పిందిలే. రాత్రి నిద్దర పట్టలా నాకు."

"ముంచినా తేల్చినా వచ్చారుగా. మీరొచ్చినాక నేను రాకపోతే ఎట్టా?"

వెంకాయమ్మ ఆమెను కిందినుంచి పైదాకా చూసింది. తర్వాత కోత ఆపి చూస్తున్న ముఠాను చూసింది.

"సరే. మేం రోజుకి మూడుసార్లు, మూడ్రోజులు, ఒక్క వేలు పెట్టాం. ఎన్నయ్యింది? తొమ్మిది. నడుం వంచామా? లేదు. చెమట పట్టిందా? లేదు. నా సాలులో తొమ్మిది కాయలు కోసి పో. తీరింది."

"వేళాకోళం కాదక్కా."

"వేళాకోళమా? మళ్ళీ ఇంకో కాయ ఎక్కువ కోస్తే ఊరుకోను. నాకు అప్పు పడుద్ది."

జానీబీ చెయ్యి చెవికి ఆనించి, ఏమంటున్నారని అడిగింది. పక్కామె అరిచి చెప్పింది. చేనంతా నవ్వింది. కోటిరత్నం వంగింది. ఒకటి, రెండు, మూడు. చేతికి పండుకాయ చల్లగా తగులుతుంటే నాలుగూ అయిదూ హాయిగానే కోసింది. ఏడో కాయ దగ్గర దగ్గు మొదలైంది. తడిగుడ్డ లాగేసి మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళల్లోంచి నీళ్ళు కారేదాకా దగ్గింది. ఎవరూ నవ్వలేదు. వెంకాయమ్మ వచ్చి వీపు మీద చెయ్యి వేసింది. దగ్గు తగ్గాక మిగిలిన రెండు కాయలూ కోసి, తొమ్మిదీ వెంకాయమ్మ ఒళ్ళో పోసింది.

"జక్రయ్య బండి రేపేనా?" అంది వెంకాయమ్మ, ఈసారి నిజంగానే మెల్లగా.

"రేపే."

"తొమ్మిది కాయలకే ఇట్టా ఉంటే, అక్కడ బస్తాల కొద్దీ ఎండుకాయ."

అప్పుడే గట్టు మీద భవ్య కనిపించింది, ఫోను పైకెత్తి ఊపుతూ.

కంపెనీవాళ్ళు ఒప్పుకున్నారు. ఖాతా తెరిచారు. మూడు రోజుల డబ్బు తీసేసి ప్రకటనలు ఇచ్చినవాళ్ళకు జమ చేశామన్నారు. అంకె మళ్ళీ డెబ్బై ఒకటి. ఇంకోసారి ఇట్లా జరిగితే ఇక తెరిచేది లేదన్నారు.

"నా ఉత్తరం చదివే ఒప్పుకున్నారా?"

"మనిషి చదివాడో మిషను చదివిందో నాకు తెలీదు పెద్దమ్మా."

అదీ అర్థం కాలేదు. కానీ టైర్ల మనిషి డబ్బు అతనికి చేరిందన్నది అర్థమైంది. దాంతో వారం రోజులుగా గుండెల మీద ఉన్నదేదో కాస్త పక్కకు జరిగింది. గట్టు మీద కూర్చుని లెక్క వేసుకుంది. గేదెల్లాంటివి ఎన్ని రాసినా లాభం లేదు. మోటారు ఒక్కటే మూడు వేలు తెచ్చింది. అట్లాంటివి ఇంకో రెండు ఉంటే ఉగాదికి అటో ఇటో వంద దాటుతుంది. కానీ తన దగ్గర కాలిపోవడానికి ఇంకో మోటారు లేదు.

"అక్కా, ఈ ఏడు మీ చేలల్లో ఏమేం చెడిపోయినయ్?" అంది.

"దేనికే?"

"చెప్పండి. ఏం చెడింది, ఎట్టా బాగుచేశారు, ఎవడు మోసం చేశాడు?"

వెంకాయమ్మ కంటే ముందు జానీబీ మొదలుపెట్టింది. మందు కొట్టే పంపు నాజిల్‌లో పాచి అడ్డుపడితే పిన్నీసుతో పొడిచి పాడుచేసుకుందట, మెత్తని పాత బ్రష్షుతో తోమాలట. ఒకామె కాయలు ఆరబోసిన పట్టా చవకని కొంటే రెండు ఎండలకే పొడైపోయిందంది. మంచి పట్టాను అంచు లాగి, వెలుతురుకు పట్టి ఎట్లా చూడాలో చేతులతో చూపించింది. వెంకాయమ్మ డ్రిప్పు పైపుల్ని ఎలకలు కొరికిన వైనం మొదలుపెట్టి, మధ్యలో మొగుణ్ణి తిట్టడంలోకి వెళ్ళిపోయి, మళ్ళీ పైపుల్లోకొచ్చింది. కోటిరత్నం దగ్గర కాగితం లేదు. భవ్య ఫోనులో అందరి మాటలూ పట్టింది. ఆ పూట కోత సగమే అయింది.

"ఇదీ బదులేనా?" అంది వెంకాయమ్మ అనుమానంగా. "మళ్ళీ వాళ్ళు దొంగతనమంటారేమో, ఆ పిల్లని అడుగు."

"మాటలకి ఏం అనరు పెద్దమ్మా," అంది భవ్య.

"నొక్కితే దొంగతనం, చెబితే కాదు. ఏం కంపెనీయో, ఏం పాడో."

సోమవారం తెల్లవారుతుండగా జక్రయ్య బండి వీధి మొదట్లో ఆగి హారన్ కొట్టింది. గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళు ఎనిమిది మంది అప్పటికే ఎక్కి ఉన్నారు. కోటిరత్నం గుమ్మం దిగి బండి దాకా నడిచింది.

"ఎక్కుతున్నావా రత్నమ్మా? ఏదో తేడా వచ్చిందని విన్నా. నీ చోటు అట్టాగే ఉంది."

బండిలో పాత గోతాలున్నాయి. వాటి వాసనకే ఆమె గొంతు గరగరమంది.

"రాను జక్రయ్యా. ఇంకా ఇరవై తొమ్మిది తక్కువుంది. అయినా రాను."

"ఏం తక్కువ?"

ఎట్లా చెప్పాలో తెలియలేదు. "పట్టాలూ, నాజిల్సూ రాయాలి," అంది. జక్రయ్య తల ఊపాడు. అతనికీ అర్థం కాలేదు. బండి వెళ్ళిపోయింది.

ఇంట్లోకొచ్చి నోటుబుక్కు తెరిచింది. నాజిల్ గురించి మొదలుపెట్టింది. పిన్నీసు, పాచి, పాత బ్రష్షు. రెండో పేరా అయ్యాక బొమ్మ కోసం చోటు వదిలింది. చివర్లో, మందు కలిపిన డ్రమ్ము దగ్గరికి పశువుల్ని రానివ్వకండి, మా గేదె ఒకసారి మూతి పెట్టబోతే ఆయన తన పైపంచె దాని ముఖం మీద వేసి వెనక్కి లాగాడు, అని రాసింది. ఆ ఒక్క ముక్కా ఉంచాలా తీసెయ్యాలా అని చాలాసేపు చూసింది. దానికి డబ్బు రాదు. అది కొట్టెయ్యలేదు.

రాసినది పెట్టేముందు పేజీ ఎట్లా ఉందో చూద్దామని ఫోను తెరిచింది. మోటారు రాత కింద పైపుల బొమ్మ లేదు. దగ్గు మందు బొమ్మ ఉంది, తేనె రంగు సీసా. తను ఎప్పుడూ దగ్గు మందు వెతకలేదు. ఎవరు చెప్పారు దీనికి? చేలో దగ్గినప్పుడు ఫోను తన బొడ్లోనే ఉంది, అది గాని విన్నదా?

ధర ఎంతో చూద్దామనిపించింది. నిజంగానే కావాలి కూడా. కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుని, ఎడం చేతి వేలితో జాగ్రత్తగా బొమ్మను పైకి జరిపేసింది.